పసిబిడ్డల ఫొటోలు తీసేవారికి గుర్తింపు పరీక్ష ఉండాలి

సంపాదకుడికి,

అయ్యా,

బెంగళూరులో ఫొటో స్టూడియో తెరవాలంటే ట్రేడ్ లైసెన్స్ కావాలి, షాపుల చట్టం కింద నమోదు కావాలి. లోపల కెమెరా పట్టుకునే మనిషికి పని వచ్చా రాదా అని మాత్రం ఎవరూ అడగరు. కె.ఆర్.పురంలో చాలా ఏళ్లుగా పోర్ట్రెయిట్ స్టూడియో నడుపుతున్నవాడిగా, ఫొటోగ్రాఫర్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

‘పని చూస్తే తెలిసిపోతుంది, సర్టిఫికెట్ ఎందుకు’ అని మా వాళ్లే అంటారు. ఫొటో బాగుందో లేదో కస్టమర్ చూసి చెప్పగలడు, నిజమే. దాన్ని ఎలా తీశారన్నది మాత్రం అందులో కనిపించదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు కుటుంబాల్లో పుట్టిన రెండు వారాల్లోపే బిడ్డకు ఫొటోషూట్ చేయిస్తున్నవాళ్లు ఎందరో. బిడ్డ తన రెండు చేతుల మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నట్టుండే ఫొటో చాలామంది అడుగుతారు. అంత పసిబిడ్డ మెడ తల బరువును ఆపలేదు. పని తెలిసినవాళ్లు దాన్ని రెండు ఫొటోలుగా తీస్తారు. ఒకదానిలో పెద్దవాళ్ల చెయ్యి బిడ్డ తలను పట్టుకుని ఉంటుంది, ఇంకోదానిలో మణికట్లను. తర్వాత కంప్యూటర్‌లో రెండూ కలిపి పెద్దవాళ్ల చేతులు చెరిపేస్తారు. ఇది తెలియనివాడు ఫోన్‌లో చూసిన ఫొటో పట్టుకుని బిడ్డను నిజంగానే అలా నిలబెట్టబోతాడు. పక్కనే కూర్చున్న బాలింతకూ అమ్మమ్మకూ అది ప్రమాదమని ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికంటే భయం ఇక్కడే.

హక్కుల సంగతీ ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. అయినా ఓణీల ఫంక్షన్‌లో తీసిన ఆడపిల్ల ఫొటోను అడగకుండా ప్రకటనలో వేసుకునేవాళ్లున్నారు.

లండన్‌లో 1853లో ఏర్పడిన రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ తొలి మెట్టు గుర్తింపుకే పది ఫొటోలు అడుగుతుంది. ఒక ఫొటో అదృష్టం కొద్దీ కుదరొచ్చు, పదీ అలా కుదరవు. అమెరికాలో వృత్తి ఫొటోగ్రాఫర్ల సంఘం పరీక్ష పెట్టి, తీసిన ఫొటోలు కూడా పరిశీలించాకే సర్టిఫికెట్ ఇస్తుంది. ఇక్కడా పని తెలిసినవాళ్లకు కొరత లేదు. యూత్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఈ నగరంలో 1971 నుంచి ఉంది. అలాంటి సంఘాల అనుభవజ్ఞులను, ఒక పిల్లల డాక్టరును రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి శాఖ కూర్చోబెడితే పరీక్ష తయారవుతుంది.

పరీక్ష అనగానే నాతోటి పాతవాళ్లకు టెన్షన్. పెద్దగా చదువుకోలేదు, ఇంగ్లిష్ రాదు, చేతిలో పని మాత్రం ఉంది. వాళ్లను బయటికి నెట్టే పరీక్ష నాకూ వద్దు. కేంద్రం 2015లో మొదలుపెట్టిన కౌశల్ వికాస్ యోజన అనే నైపుణ్య శిక్షణ పథకంలో, అనుభవంతో నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. అదే దారిలో కన్నడ, తెలుగు, తమిళాల్లో అడగాలి, లైటింగ్ పెట్టి చూపించమనాలి, ప్లాస్టిక్ బొమ్మను బిడ్డలా పట్టుకుని చూపించమనాలి. ఫీజు చిన్న స్టూడియో భరించగలిగేంతే ఉండాలి.

మిగతా పోర్ట్రెయిట్లకు ఇది ఇష్టమున్నవారికే అన్నా సరే, పసిబిడ్డల ఫొటోలకు మాత్రం తప్పనిసరి చేయాలి. గుర్తింపు పొందినవారి జాబితా అందరికీ కనిపించాలి, ఫిర్యాదు రుజువైతే పేరు అందులోంచి తీసేయాలి. ఆ అధికారం లేకుండా ఇచ్చే సర్టిఫికెట్ స్టూడియో గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇట్లు,
ఒక స్టూడియో యజమాని,
కె.ఆర్.పురం, బెంగళూరు