ఛాత్రోపాధ్యాయులతో మాట్లాడేందుకు ఒక పీరియడు ఇప్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్ల కోర్సు అయింది. ఛాత్రోపాధ్యాయులు (బీఎడ్ చదువుతూ బడుల్లో పాఠాలు చెప్పే విద్యార్థులు) మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు బడిలో ఉండాలన్న (ఇంటర్న్‌షిప్) నియమమూ అప్పుడే వచ్చింది. నియమం మంచిదే. అయితే ఆ వారాల్లో వారికి మెలకువలు చెప్పవలసిన సబ్జెక్టు ఉపాధ్యాయుడు (మెంటరు) ఆ పని ఎప్పుడు చేయాలో మా టైంటేబుల్‌లో ఎక్కడా ఉండదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయుడిగా ఈ ఒక్క విషయమే తమ దృష్టికి తెస్తున్నాను.

భిన్నాల కూడిక పాఠాన్నే తీసుకోండి. 1/2కు 1/3 కలపమంటే చాలామంది పిల్లలు లవాలను, హారాలను విడివిడిగా కూడి 2/5 అని రాస్తారు. కొత్తగా పాఠం చెబుతున్న ఛాత్రోపాధ్యాయురాలు అది తప్పని చెప్పి, క.సా.గు. కనుక్కొని లెక్క బోర్డు మీద చేసి చూపి, ముందుకు సాగిపోతుంది. పాఠ్యపథకం ప్రకారం ఆమె చేసినదాంట్లో లోపమేమీ లేదు. కానీ 2/5 సగం కంటే తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని పిల్లలనే అడిగి ఉంటే, తప్పెక్కడుందో వాళ్లే పట్టుకునేవారు. వెనక బల్ల మీద కూర్చున్న ఉపాధ్యాయుడు ఈ మాటను ఆ రోజే, పిల్లల నోటు పుస్తకాలు ముందు పెట్టుకొని, ఆమెకు చెప్పాలి. నెలాఖరున రికార్డుల కట్ట మీద వరసగా పెట్టే సంతకాలతో ఆ పని జరగదు.

జరుగుతున్నది మాత్రం వేరు. గంట కొట్టగానే నేను ఇంకో తరగతికి వెళతాను, ఆమెను సెలవులో ఉన్న వేరొకరి తరగతికి పంపుతారు. (సిబ్బంది కొరతతో సతమతమయ్యే ప్రధానోపాధ్యాయులను ఇందుకు తప్పుపట్టలేను.) ఎప్పుడైనా నాకు ఖాళీ పీరియడు దొరికితే అది సర్దుబాటుకో, యాప్‌లో వివరాల నమోదుకో పోతుంది.

నేను గౌరవ వేతనం గానీ, కొత్త పోస్టులు గానీ అడగడం లేదు. పాఠాన్ని పరిశీలించడానికి అదనపు సమయమూ అక్కర్లేదు, ఎందుకంటే ఆ పీరియడు ఎలాగూ నాదే. ఇంటర్న్‌షిప్ సాగినన్నాళ్లు వారానికి రెండుసార్లయినా, ఛాత్రోపాధ్యాయుల పాఠం ముగిసిన వెంటనే వచ్చే పీరియడు మెంటరుకూ వారికీ ఖాళీగా ఉండేలా టైంటేబుల్ వేయాలని, ఆ పీరియడును మరే పనికీ వాడరాదని ఉత్తర్వులు ఇప్పించండి. ఒక మెంటరుకు ఇద్దరు ఛాత్రోపాధ్యాయులకు మించి అప్పగించవద్దని కూడా అందులో చేర్పించండి. బడులు టైంటేబుల్ వేసుకున్నాక వచ్చే ఉత్తర్వు ఫైలులోనే ఉండిపోతుంది కనుక, వచ్చే విడత కేటాయింపుల కంటే ముందే అది జిల్లా విద్యాశాఖాధికారులకు, బీఎడ్ కళాశాలలకు అందేలా చూడవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక గణిత ఉపాధ్యాయుడు