పిల్లకాయలతో మాట్లాడనివ్వండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను ఈ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. నాతోపాటు మరో ముగ్గురు విశ్రాంత ఉపాధ్యాయులు, ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒక పోస్ట్‌మాస్టరు, మొత్తం ఏడుగురం, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే పిల్లలతో స్నేహం, ఆకర్షణ, ప్రేమ, తిరస్కారం, పరస్పర గౌరవం గురించి వారానికొక గంట మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నాం. మాకు జీతం అక్కర్లేదు. మీ అనుమతి, శిక్షణ, మాపైన పర్యవేక్షణ కావాలి. దీన్ని సోమవారం అర్జీగానూ ఇవ్వవచ్చు; కాని ఇది తల్లిదండ్రుల సమ్మతి లేకుండా జరగకూడని పని కనుక, వారు కూడా చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను కూడా, "పటం పరీక్షలో వస్తుంది, గీయడం నేర్చుకోండి, మిగతాది ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేసినదాన్నే. చాలా ఏళ్ల తర్వాత, పేరు రాయకుండా ప్రశ్నలు వేయమని తరగతిలో ఒక అట్టపెట్టె ఉంచాను. అందులో శరీరం గురించిన ప్రశ్నలు వస్తాయనుకుంటే, వచ్చినవి ఎక్కువగా మనసు గురించినవి. "అతను నా ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతున్నాడు, ఇవ్వకపోతే నమ్మకం లేనట్టే అంటున్నాడు, ఇవ్వాలా మేడమ్?" అని ఒక చీటీ. "ఆ అమ్మాయి వద్దంది. నాకు బాధగా ఉంది, కాని ఫ్రెండ్స్ ముందు ఏడవలేను, వాళ్లేమో వెంటపడితే ఒప్పుకుంటుంది అంటున్నారు" అని ఇంకొకటి. ఈ రెండో చీటీని నేను ఇప్పటికీ మరచిపోలేదు. వద్దన్న మాటను వద్దనే అర్థంలో తీసుకోవడం ఎలాగో, ఆ అవమానాన్ని దిగమింగుకుని మర్నాడు బడికి రావడం ఎలాగో ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. ఇలాంటి మాటలు ఆడపిల్లలకు మాత్రమే అవసరమని మన అధికార యంత్రాంగం అనుకోవడం నాకు ఎప్పుడూ సరిగా అనిపించలేదు.

పథకాలు లేవని నేను అనను. 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం నిర్దేశించిన 11 అంశాల్లో వ్యక్తుల మధ్య సంబంధాలు ఒకటి. దానికి ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఎంపిక చేయాలి. అయితే సిలబస్, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోన్‌లో ఫోటోల అప్‌లోడ్‌ల మధ్య నలిగే ఆ ఇద్దరికి తీరిక ఎక్కడిది? తీరిక ఉన్నా, రేపు మార్కులు వేసే మనిషితో, సాయంత్రం నాన్నకు బజారులో ఎదురుపడే మనిషితో ఏ పిల్ల మనసు విప్పుతుంది? అందుకే బయటివారు కావాలంటున్నాను.

ఈ జిల్లాకు స్వచ్ఛంద కార్యకర్తలు కొత్త కాదు. 1991లో అక్షర దీపం అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు నేను బీఈడీ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, కలిగిరి మండలంలో రాత్రిబడి నడిపాను. వాచకంలోని, సారాపై తిరగబడిన సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు పలక పక్కన పెట్టి తమ ఇళ్లలో సారా ఏం చేస్తోందో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అదే మండలంలోని దూబగుంట నుంచి లేచిన ఆ మాట 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. అక్కడ నేను చెప్పిన పాఠం కంటే వాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకున్నదే పని చేసింది. జిల్లా యంత్రాంగం మా వెనుక నిలబడినందువల్లే మాలాంటి వాళ్లను ఊళ్లు రానిచ్చాయి. ఇప్పుడు కోరుతున్నదీ ఉపన్యాసాలకు అనుమతి కాదు.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. బాలలను లైంగిక నేరాల నుంచి రక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా బాలలే. వారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. పదిహేడేళ్ల ఇద్దరు ఇష్టపడి దగ్గరైన సందర్భం కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తుంది. "నాతో ఏదైనా చెప్పు, ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చిన కార్యకర్త చట్టాన్ని మీరాలి, లేదా బిడ్డను మోసగించాలి. ఏది రహస్యంగా ఉంటుందో, ఏది ఉండదో మొదటి గంటలోనే, మొదటి మాటగానే పిల్లలకు చెప్పేయాలన్నది నా అభిప్రాయం. కొందరు నోరు మూసుకుంటారు, నిజమే. పిల్లల సహాయవాణి 1098 నంబరు బోర్డు మీదే ఉంటే వారికి వేరే దారి కనీసం కంటికి కనిపిస్తుంది. ఈ చట్టం గురించి మాకు న్యాయ సేవాధికార సంస్థ చేత ముందే శిక్షణ ఇప్పించండి. తెలిసీ తెలియని మంచితనం పిల్లలకు హాని చేస్తుంది.

మాపైన నమ్మకం ఉంచమని కూడా అడగడం లేదు. పోలీసు తనిఖీ చేయించండి. తరగతిలో ఎప్పుడూ ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసే ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి, ఏ పిల్లతోనూ ఒంటరిగా మాట్లాడకూడదు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు అని ఉత్తర్వులోనే రాయండి. ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలని మాత్రం దయచేసి రాయవద్దు.

ఇలాంటివి మాట్లాడితే పిల్లకాయలు చెడిపోతారని భయపడే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ఉదయగిరి వైపు మెట్ట గ్రామాల్లో అమ్మానాన్నలు పనుల కోసం వలస వెళితే అవ్వ దగ్గర పెరిగే పిల్లలున్నారు. వారి చేతిలో ఫోను ఉంది. దానిలో చూసినదాని గురించి అడగడానికి మనిషి లేరు. ఏం మాట్లాడతామో ముందుగా తల్లిదండ్రుల సమావేశంలో పూర్తిగా చెబుతాం, వద్దన్నవారి పిల్లలను కూర్చోబెట్టం.

మొదటి ప్రయత్నంగా మెట్ట ప్రాంతంలోని రెండు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఆరు నెలలపాటు ఈ అవకాశం ఇవ్వవలసిందిగా మనవి. ఆ తర్వాత పిల్లలే పేరు లేని చీటీల మీద తమ అభిప్రాయం రాసి పెట్టెలో వేస్తారు. మాకు చూపకుండా ఆ పెట్టెను మీ కార్యాలయమే తెరవాలి. వద్దని వారు రాస్తే మేము మానుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కలిగిరి మండలం