కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: వాహనాల్లో మన పిల్లల భద్రత

గౌరవ సభ్యులకు నమస్కారం.

పారిశుద్ధ్యం, పార్కు, వీధిదీపాల పనులు ఈ ఏడాదీ యథావిధిగా సాగాయి. వాటి జమాఖర్చులను విడిగా జతపరిచాము. కార్యవర్గం అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టినది మాత్రం వాహనాల్లో తిరిగే పిల్లల భద్రత మీద.

మన హైదరాబాదులో కారు ముందు సీట్లో తల్లి ఒళ్లో పసిబిడ్డ కూర్చొని వెళ్లడం రోజూ చూసేదే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా ఢీకొని ఆగిపోతే, బెల్టు లేని బిడ్డకు అది మూడంతస్తుల మేడ మీది నుంచి పడినంత దెబ్బ. పది కిలోల బిడ్డ ఆ క్షణంలో వంద కిలోలకు మించిన బలంతో ముందుకు దూసుకుపోతుంది కనుక ఏ తల్లి చేతులూ ఆపలేవు; ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దానికీ తల్లికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

చైల్డ్ సీటు, అంటే కారు సీటు మీద బిగించి పిల్లలను పట్టీలతో కూర్చోబెట్టే చిన్న సీటు, కొన్నవారి కార్లనూ పరిశీలించాము. బెల్టు బిగించిన చోట పట్టుకొని ఊపితే సీటు అంగుళానికి మించి కదలకూడదని, భుజం పట్టీని వేళ్లతో గిల్లితే మడత పడుతుంటే అది వదులుగా ఉన్నట్టేనని దగ్గరుండి చూపించాము. పసివారికి తల బరువు, మెడ లేత. అందుకే కనీసం రెండేళ్లు నిండేవరకు బిడ్డ ముఖం కారు వెనుకవైపు ఉండేలా సీటు అమర్చాలి, దాన్ని ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎన్నడూ పెట్టరాదు. పిల్లలు ఎదిగాక మిగిలిపోయిన సీట్లను సభ్యుల నుంచి తీసుకొని అవసరమైనవారికి ఇస్తున్నాము. ప్రమాదానికి గురైన కారులోని సీటును, గడువు తేదీ దాటినదాన్ని తీసుకోము.

14 ఏళ్లలోపు పిల్లలకు కారులో బెల్టుగాని చైల్డ్ సీటుగాని లేకపోతే చట్టప్రకారం 1,000 రూపాయల జరిమానా. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్లలోపు పిల్లలను బైకు మీద తీసుకువెళ్తే బిడ్డను బండి నడిపేవారికి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు, హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటరాదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన అమల్లో ఉంది. నాలుగేళ్లు దాటినవారికీ హెల్మెట్ తప్పనిసరి.

స్కూలు ఆటోల విషయంలో మాత్రం ఆశించినంత సాధించలేకపోయాము. డ్రైవరు పక్కన ఇద్దరు పిల్లలు వేలాడుతూ వెళ్లడం ఇంకా ఆగలేదు. పిల్లలను తగ్గిస్తే కిరాయి గిట్టదని డ్రైవర్లు చెబుతున్నారు, అందులో నిజముంది. కాబట్టి తల్లిదండ్రులు కొంత ఎక్కువ ఇచ్చేందుకు ఒప్పుకొని, ఆటోకు ఇంతమందేనని కచ్చితంగా రాసుకోవాలన్న ప్రతిపాదనను ఈ సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాము.