పెద్దవాళ్లకి కావాల్సిన చిన్న సాయం ఎవరు చేస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం అండి,

ముందు ముందు ముసలితనం ఎలా ఉండబోతుందో ఈ మధ్య చాలా చదువుతున్నా, రోబోలు వస్తాయంట, చేతి వాచీ గుండె చూస్తుందంట, పడిపోతే ఫోన్ దానంతట అదే కాల్ చేస్తుందంట. రానివ్వండి, వద్దని నేను అనను. కానీ మా అమ్మని ఆరేళ్లు దగ్గరుండి చూసుకున్నదాన్ని, వీటన్నిటికంటే ముందు రావాల్సింది ఇంకోటి ఉందని నాకు గట్టిగా అనిపించి ఈ లెటర్ రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

అమ్మ 78 ఏళ్లప్పుడు బయటికెళ్లడం మానేసింది. రోజూ సాయంత్రం నడవందే ఊరుకోని మనిషి ఇంట్లోనే కూర్చోవడం మొదలుపెట్టింది, అడిగితే ఓపిక లేదనేది. డాక్టర్‌కి చూపిస్తే బీపీ చూశారు, షుగర్ చూశారు, అన్నీ బానే ఉన్నాయి వయసు వల్లే అన్నారు, ఇంకో టాబ్లెట్ రాశారు, మేమూ అదే అనుకుని ఊరుకున్నాం. మూడు నెలల తర్వాత ఒకరోజు దుప్పటి సర్దుతుంటే కనపడింది, కాలి గోళ్లు పెరిగి వంకర తిరిగి పక్క వేలిలోకి దిగిపోయి ఉన్నాయి, చెప్పులేసుకుంటే ప్రాణం పోతోందంట. "వంగలేకపోతున్నానే, నీకు చెప్తే పని మానుకుని నా దగ్గర కూర్చుంటావని చెప్పలేదు" అంది. పది నిమిషాల పని అండి అది. ఆ పది నిమిషాల పని చేసే చెయ్యి లేక నడక పోయింది, నడక పోయాక కాళ్లలో బలం పోయింది, బలం పోయాక బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగింది. అప్పుడు మాత్రం అంబులెన్స్ వచ్చింది, స్కానింగులు, ఆపరేషన్, లోపల రాడ్డు, అన్నీ గంటల్లో జరిగిపోయాయి. గోళ్లు తీయడానికి మాత్రం ఎవర్ని పిలవాలో అప్పుడూ తెలీదు, ఇప్పటికీ తెలీదు.

పెద్ద జబ్బొస్తే చూడ్డానికి ఆస్పత్రులున్నాయి, అసలు కదలలేకపోతే చేర్చడానికి హోమ్‌లు ఉన్నాయి. కానీ మనిషి ముసలితనంలో ఎక్కువ ఏళ్లు గడిపేది ఆ రెండిట్లో కాదు కదా, సొంతింట్లో, తొంభై పనులు తనే చేసుకుంటూ ఓ పది పనులు చేసుకోలేక. మెట్లు దిగడం, తల రుద్దుకోవడం, బల్బు మార్చడం, ఆఫీసుకెళ్లి ఫారం నింపడం... ఆ పదింటికి సాయం లేకపోవడం వల్లే మిగతా తొంభై కూడా చేజారిపోతాయి, ఇది నేను కళ్లారా చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు, అందులో ఎక్కువ 60 దాటినవాళ్లే, బతికి మంచాన పడినవాళ్లు వేరే.

మళ్లీ టైం కూడా ఎక్కువ లేదు. 2020లో ప్రపంచంలో 60 దాటినవాళ్లు 100 కోట్లు, 2030కి 140 కోట్లు, 2050కి 210 కోట్లు అవుతారని అంచనా. ఫ్రాన్స్‌లో 65 దాటినవాళ్లు జనాభాలో 7 శాతం నుంచి 14 శాతం అవడానికి 115 ఏళ్లు పట్టింది, జపాన్‌కి 24 ఏళ్లే పట్టింది. అంటే నిదానంగా ఆలోచించుకునే అవకాశం ఇప్పుడు ముసలివాళ్లు పెరుగుతున్న దేశాలకి ఉండదు.

చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. జపాన్‌లో 2000లో పెద్దవాళ్లకి రోజువారీ సాయం అందించే బీమా, కేర్ ఇన్సూరెన్స్ అని పెట్టారు, 40 ఏళ్లు వచ్చిన దగ్గర్నుంచి అందరూ దానికి కడతారు. అందులో నాకు బాగా నచ్చింది డబ్బు సంగతి కాదు, ఎవరికి ఎంత సాయం కావాలో దాన్నిబట్టి ఏడు మెట్లు పెట్టారు చూడండి, అది. పై అయిదు మెట్లూ ఎక్కువ సాయం కావాల్సినవాళ్లకి, కింది రెండు మెట్లు మాత్రం దాదాపు అన్నీ తనే చేసుకోగలిగి కొంచెం సాయం చాలనేవాళ్లకి. ఆ కొంచెం సాయానికి కూడా కాగితం మీద ఒక చోటు ఇచ్చారు, మా అమ్మ ఉండాల్సింది ఆ చోట్లో. డెన్మార్క్‌లో అయితే 1990ల్లోనే చట్టం చేశారు, 75 దాటినవాళ్లకి జబ్బు ఉన్నా లేకపోయినా ఇంటికి మనిషి వచ్చి మాట్లాడి వెళ్లే అవకాశం మునిసిపాలిటీ ఇవ్వాలని, తర్వాత రూల్స్ కొంత మారాయిగానీ అసలు సంగతి అదే, పడిపోయాక కాదు, పడకముందు రావడం. నెదర్లాండ్స్‌లో 2006లో బ్యూర్ట్‌జోర్గ్ అని ఇళ్లకి నర్సుల్ని పంపే ఒక సంస్థ మొదలైంది, మహా అయితే 12 మంది నర్సులు ఒక టీమ్, పైన మేనేజర్ ఉండరు, మందులిచ్చే నర్సే స్నానం కూడా చేయిస్తుంది, రోజుకో కొత్త మొహం రాదు. తెలిసిన మనిషైతేనే కదా గోళ్ల సంగతి నోరు విప్పి చెప్పుకునేది.

ఈ సాయం అంతా ఇప్పుడు ఇంట్లో ఆడవాళ్ల మీద పడి నడుస్తోంది. ఇంటి పనీ, పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడం లాంటి జీతం లేని సేవల్లో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో చెప్పింది. నేనూ ఉద్యోగం రెండేళ్లు వదిలేశాను, అమ్మ కోసం చేసినందుకు బాధ లేదు, కానీ పడుకున్న మనిషిని ఎలా లేపాలో నాకు నేర్పినవాళ్లు లేరు, తప్పుగా లేపి నా నడుమూ పోయింది, అమ్మ భుజమూ నొప్పెట్టింది. జీతానికి వచ్చే ఆయాలకైనా ఎవరు నేర్పుతున్నారు? ట్రైనింగ్ లేదు, సెలవు లేదు, వచ్చే జీతంతో వాళ్లిల్లే గడవదు, అందుకే నాలుగు నెలలకోసారి మానేస్తారు. రోబోల మీద పెట్టే డబ్బులో కొంతైనా ఈ చేతుల మీద పెడితే బాగుంటుందని నా కోరిక.

యాప్‌ల గురించి ఒక్కమాట. పెద్దవాళ్ల పనులన్నీ ఫోన్లోకి మార్చేసి కౌంటర్ మూసేస్తే, వేళ్లు వణికే మనిషి ఓటీపీ కొట్టేలోపు టైం అయిపోతుంది. యాప్ ఉంచండి, కౌంటర్లో మనిషినీ ఉంచండి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ "వయసు వల్లే" అన్న మాట. చెవి వినపడట్లేదంటే వయసు, చూపు మసకంటే వయసు, ఎవరితో మాట్లాడట్లేదంటే వయసు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో ఇచ్చిన రిపోర్టులో 14 కారణాలు చెప్పారు, వాటిని సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు రాకుండా ఆపడమో ఆలస్యం చేయడమో కుదరొచ్చంట, ఆ 14లో వినికిడి తగ్గడం ఉంది, వైద్యం చేయించని చూపు లోపం ఉంది, ఒంటరితనం ఉంది. మనం వయసని వదిలేసే వాటిలో ఇన్ని ఉన్నాయి. నేనూ వదిలేశాను, ఆ మూడు నెలలు నాకు తిరిగిరావు.

అందుకని మీ పేపర్‌కి నా విన్నపం ఒక్కటే. పెద్దల గురించి రాసేటప్పుడు పిల్లల్ని, డాక్టర్లని, కంపెనీలవాళ్లని మాత్రమే అడక్కుండా పెద్దవాళ్లనే నేరుగా అడగండి, ఈ మూడు నెలల్లో మీరు మానేసిన పని ఏంటి, ఎందుకు మానేశారు అని. వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు