విదేశీ సదస్సులు: వీసా కంటే ముందు ఫైలు కదలాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. విశాఖలోని విశ్వవిద్యాలయాల నుంచి, వైద్య, ఇంజినీరింగ్ కళాశాలల నుంచి, కేంద్ర పరిశోధన సంస్థల నుంచి ఏటా ఎందరో విదేశీ సదస్సులకు పేపర్లు పంపుతుంటారు. ఎంపికయ్యాక కూడా వెళ్లలేక మానుకున్నవాళ్లను కారణమడిగితే వీసా రాలేదంటారు. ఆరా తీస్తే చాలాసార్లు దరఖాస్తే ఆలస్యంగా వెళ్లి ఉంటుంది. సంస్థ ఇవ్వాల్సిన ఒకే ఒక్క అనుమతి ఉత్తరం సమయానికి రాకపోవడమే ఆ ఆలస్యానికి కారణం.

లెక్క చూడండి. పేపర్ అంగీకరించామన్న కబురు సాధారణంగా సదస్సుకు రెండు మూడు నెలల ముందు వస్తుంది. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేరాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది. మరింత పరిశీలన అవసరమనుకుంటే 45 రోజుల దాకా ఆపే అధికారం వీసా అధికారులకుంది. ఇవన్నీ దరఖాస్తు అందాక మొదలయ్యే రోజులు. అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే సమయం వేరు, వేసవిలో అది మరీ కష్టం. ఇన్ని గడువుల మధ్య విద్యార్థి అర్జీ గైడ్ సంతకంతో శాఖాధిపతికి, ప్రిన్సిపాల్‌కి, డీన్‌కి, రిజిస్ట్రార్‌కి, అక్కడి నుంచి వీసీకి ఒకరి తర్వాత ఒకరికి వెళ్లాలి. ఖర్చు ఏ పద్దులో రాయాలని ఫైనాన్స్ విభాగం కొర్రీ వేస్తే ఫైలు మళ్లీ కిందికి దిగుతుంది.

ప్రభుత్వోద్యోగులకు ఇంకో మెట్టుంది. నిర్వాహకులే టికెట్టో బసో భరిస్తామంటే చాలామంది సంతోషించి ఊరుకుంటారు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ యాజమాన్యంలోనో నియంత్రణలోనో ఉన్న సంస్థల ఉద్యోగులు అలాంటి ఆతిథ్యం తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి ఉండాలి. ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలి, బయలుదేరే తేదీకి రెండు వారాల ముందే అది చేరాలి. దానికి జత చేయాల్సిన వాటిలో పైశాఖ అనుమతి ఒకటి. అంటే మళ్లీ అదే ఫైలు.

నా సూచన ఒకటే. అనుమతి ప్రక్రియ పేపర్ పంపిన రోజునే మొదలు కావాలి. పేపర్ ఎంపికైతే వెళ్లవచ్చని సూత్రప్రాయ అనుమతి అప్పుడే ఇచ్చేయాలి. సదస్సు నిజమైనదా కాదా అన్న పరిశీలన కూడా ఆ దశలోనే జరగాలి. ఒకే హోటల్లో, ఒకే తేదీల్లో దంతవైద్యం నుంచి వంతెనల నిర్మాణం దాకా డజన్ల కొద్దీ సదస్సులు ప్రకటించేవాళ్లున్నారు. పేపర్ పంపిన మర్నాడే అంగీకారం, రెండు రోజుల్లో రుసుము కట్టమని హెచ్చరిక. కమిటీలు దినభత్యం శ్లాబుల మీద పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెడితే బాగుండును. ఇదంతా ముందే తేలిపోతే, అంగీకార లేఖ రాగానే రిజిస్ట్రార్ కార్యాలయం వారం రోజుల్లో ఉత్తరం ఇవ్వవచ్చు.

ఆ ఉత్తరంలో ఏముండాలన్నది ఇంకా ముఖ్యం. 'వీరు మా సంస్థలో పనిచేస్తున్నారు, అభ్యంతరం లేదు' అన్న రెండు వాక్యాలు వీసా అధికారికి ఎందుకూ పనికిరావు. లెటర్‌హెడ్ మీద పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్ట్ నంబరు, హోదా, చేరిన తేదీ, సదస్సు పేరు, ఊరు, తేదీలు, మంజూరైన సెలవు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నవి ఉండాలి. రిజిస్ట్రేషన్ రుసుము, విమాన ఛార్జీ, బస ఎవరెవరు భరిస్తారో విడివిడిగా రాయాలి. తిరిగొచ్చి ఏ తేదీన విధుల్లో చేరతారో తప్పనిసరిగా రాయాలి. సంతకం చేసిన అధికారి ఫోను, సంస్థ ఈమెయిలు కూడా ఉంటే వాళ్లు సరిచూసుకోగలుగుతారు.

పేరు దగ్గర మన తెలుగువాళ్లకు అదనపు తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, పేపర్ మీద మరో వరసలో. నిర్వాహకుల ఆహ్వానపత్రం రిజిస్ట్రేషన్ ఫారంలో మనం నింపిన పేరుతోనే తయారవుతుంది కాబట్టి అక్కడ పాస్‌పోర్ట్ పేరే రాయాలి. పాస్‌పోర్ట్ గడువు కూడా అప్పుడే చూసుకోవాలి. షెంజెన్‌కైతే అది గత పదేళ్లలో జారీ అయి ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. బీమా కనీసం 30,000 యూరోలకు తీసుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దరఖాస్తుకు వారం ముందు ఎక్కడి నుంచో లక్షలు వచ్చి పడితే మేలు కంటే కీడే ఎక్కువ. ఫెలోషిప్ నెలనెలా జమయ్యే ఖాతా, ఫెలోషిప్ మంజూరు పత్రం, తండ్రి భరిస్తే ఆయన ఉత్తరం, ఆదాయపు పన్ను రిటర్నులు చూపితే నమ్ముతారు.

అమెరికాకైతే మనవాళ్లు వెళ్లేది హైదరాబాద్‌కే. వేలిముద్రల కేంద్రం వేరు, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ వేరు. వేలిముద్రలు ఇంటర్వ్యూకు కనీసం ఒక రోజు ముందే ఇవ్వాలి కాబట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున దిగి సాయంత్రం తిరిగొచ్చే పని కాదు. సముద్ర, లోహ, డ్రోన్ పరిశోధనల వాళ్లను ఇంటర్వ్యూ తర్వాత అమెరికా వలస చట్టం 221(జి) సెక్షన్ కింద ఆపి బయోడేటా, ప్రచురణల జాబితా, పరిశోధన వివరాలు అడగవచ్చు. ఒక పేజీలో సులభమైన మాటల్లో రాసి వెంట పెట్టుకుంటే ఒక విడత ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పుతాయి. కెనడా సదస్సుకు అమెరికా మీదుగా టికెట్ చవకగా దొరికినా, విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలని గుర్తుంచుకోవాలి.

బ్రెజిల్, కెన్యా లాంటి చోట్లకు వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. పత్రం చెల్లుబాటు పదో రోజు నుంచే మొదలవుతుంది. అది లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే క్వారంటైన్‌లో పెడతారు. సదస్సులో పరిశోధనను ప్రదర్శించే పోస్టర్ సంగతి చిన్నదే. ఏ0 సైజు 841 × 1189 మిల్లీమీటర్లు, గొట్టంలో చుట్టినా క్యాబిన్ సామాను కొలతకు మించుతుంది. గుడ్డ మీద ముద్రిస్తే మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. విశాఖ నుంచి హైదరాబాద్‌కో ఢిల్లీకో వేరే టికెట్ కొంటే దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలే అనుమతిస్తారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం మనదే. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండటం మేలు.

డబ్బు గురించీ చెప్పాలి. కేంద్ర నిధులతో వెళ్లేవాళ్లు టికెట్ కొనేముందు నిబంధన చూసుకోవాలి. బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే ప్రభుత్వరంగ టికెట్ ఏజెన్సీల ద్వారానే కొనాలన్నచోట వేరే యాప్‌లో నాలుగు వేలు తక్కువని కొంటే ఆడిట్‌లో మొత్తం బిల్లు ఆగిపోతుంది. బోర్డింగ్ పాసులు పోయినా అంతే. అసలు ఇబ్బంది మరొకటుంది. ప్రయాణ సహాయం చాలావరకు తిరిగొచ్చాక బిల్లుల మీద ఇచ్చేదే. టికెట్, వీసా రుసుము, బస, రిజిస్ట్రేషన్ మొత్తం ముందే పెట్టుకోగల స్తోమత ఎంతమంది పరిశోధక విద్యార్థులకు ఉంటుంది? మంజూరు పత్రం చూపినవాళ్లకు టికెట్ ధరలో అధిక భాగం సంస్థే అడ్వాన్సుగా ఇచ్చి, సహాయం అందాక మినహాయించుకోవచ్చు. సూత్రప్రాయ అనుమతి, నిర్ణీత నమూనాలో ఉత్తరం, అడ్వాన్సు: ఈ మూడింటి మీద మన నగర సంస్థల రిజిస్ట్రార్లు వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా సర్క్యులర్ జారీ చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పరిశోధక మార్గదర్శి,
విశాఖపట్నం.