ఈసీజీ చీటీ వెనుక తెలుగులో నాలుగు మాటలు అచ్చువేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎవరైనా హఠాత్తుగా చనిపోతే చాలు, శవపరీక్ష కూడా కాకముందే జిల్లా పేజీలో ‘గుండెపోటుతో కుప్పకూలిన యువకుడు’ అని శీర్షిక పెట్టేస్తున్నారు. రక్తనాళం పూడుకుపోయి వచ్చే గుండెపోటు వేరు, లయ తప్పి గుండె ఉన్నట్టుండి ఆగిపోవడం వేరు. అది చదివిన రాత్రి మా ఆకివీడు, భీమవరం ప్రాంతంలో ఎంతమంది నాడి పట్టుకుని లెక్కపెట్టుకుంటున్నారో మీ దాకా వచ్చి ఉండదు.

మా బావమరిది రొయ్యల రైతు. రాత్రంతా చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి, నిద్ర ముంచుకు రాకుండా టీ మీద టీ. ఒక రాత్రి గుండె ఒక బీటు తప్పి, మరుక్షణం లోపలి నుంచి గట్టిగా తన్నినట్టు అనిపించింది. ఈసీజీ తీయించాడు. డాక్టరు చూసి, ‘ఎక్స్‌ట్రా బీట్లు, భయం లేదు’ అని చీటీ చేతికిచ్చి తరువాతి వారిని పిలిచారు. ఎందుకు భయం లేదో చెప్పకపోతే మనిషికి నిద్ర పడుతుందా? భీమవరం అయ్యాక విజయవాడ, ఆపైన హైదరాబాద్. వెళ్లిన ప్రతిచోటా అవే పరీక్షలు మళ్లీ మొదటి నుంచి. రొయ్యల పట్టుబడి మీద మిగిలింది కాస్తా ఆసుపత్రులకే సరిపోయింది.

చివరికి ఒక కుర్ర డాక్టరు ఆ చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో గీసి చూపించారు. సమాన దూరంలో మూడు గీతలు, నాలుగోది తొందరపడి ముందుగా, తరువాత కాస్త ఖాళీ, ఆ పక్కన ఒక పొడవాటి గీత. గుండెకు లయ ఇచ్చే చోటు కుడివైపు పై గదిలో ఉంటుంది. అప్పుడప్పుడు మరో చోటి నుంచి ఒక బీటు ముందే పుడుతుంది. అప్పటికి గుండె సరిగా నిండి ఉండదు కనుక అది నాడికి అందీ అందకుండా పోతుంది. వెనుక వచ్చే విరామంలో రక్తం ఎక్కువగా నిండి, తరువాతి బీటు గట్టిగా తగులుతుంది. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందులో ఇలాంటివి కొన్ని ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి, చాలామందికి తెలియనే తెలియవు. మా వాడు ఆ రాత్రి నిద్రపోయాడు.

మందు వేసి వాటిని అణచవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. గుండెపోటు నుంచి కోలుకున్నవారిపై అమెరికాలో ఆ ప్రయత్నమే చేశారు. బీట్లు అణిగాయి గాని, ఆ మందులు వాడినవారిలోనే మరణాలు పెరిగాయి. 1989లో ఆ ప్రయోగంలో ఆ మందులను అర్ధాంతరంగా ఆపేశారు. కాబట్టి డాక్టరు మందు రాయలేదంటే పట్టించుకోలేదని కాదు.

అలాగని ప్రతి దడనూ గ్యాస్ అనో, టెన్షన్ అనో కొట్టిపారేయడమూ తగదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, వాంతులు విరేచనాలతోనో కొన్ని బీపీ మాత్రలతోనో పొటాషియం పడిపోయినా గుండె ఇలాగే తడబడుతుంది. సాధారణ ఈసీజీలో పడేది పది సెకన్ల గుండె మాత్రమే. ఈ బీట్లు రోజులో మరీ ఎక్కువగా వస్తుంటే కాలక్రమేణా గుండె బలహీనపడవచ్చు, అది ఒంటికి చిన్న పరికరం తగిలించి 24 గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్షలోనే తేలుతుంది. స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, ఆయాసం, పని చేస్తుండగా దడ పెరగడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉండడం, ఇదివరకే గుండె జబ్బు ఉండడం: వీటిలో ఏది ఉన్నా నిపుణులకు చూపించుకోవలసిందే. స్పృహ తప్పినా, నొప్పి వచ్చినా 108కి ఫోను చేయడమే. పెద్దవాళ్లలో నాడి ఏ వరుసా లేకుండా కొట్టుకుంటుంటే అది వేరే జబ్బు కావచ్చు. దానివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు.

ఆ గీతల బొమ్మ, ఈ ప్రమాద సూచనలు ఈసీజీ చీటీ వెనుక తెలుగులో అచ్చువేయించడానికి వైద్య ఆరోగ్య శాఖకు పెద్ద ఖర్చు కాదు. ప్రైవేటు ల్యాబుల చేత కూడా వేయించాలి. ఏరియా ఆసుపత్రుల్లో హోల్టర్ పరీక్ష ఉచితంగా చేస్తే, దడ వచ్చిన ప్రతివాడూ హైదరాబాద్ బస్సు ఎక్కడు. ఈలోగా మీరు ఒక ఆదివారం గుండె వైద్యుల చేత ఈ విషయం రాయించండి. దాన్ని కత్తిరించి మా ఊరి ఆరోగ్య కేంద్రంలోనూ, చెరువుల దారిలోని టీ కొట్టులోనూ అంటించే పని నాది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆకివీడు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా