బిడ్డా, నువ్వు ఫోన్ చూసిన ఆ నాలుగు నిమిషాలు

బిడ్డా,

నిన్న ఫోన్లోనే చెప్దామనుకున్నా, నువ్వు మీటింగ్ ఉందని పెట్టేశావు. వాట్సాప్‌లో ఇంత పొడుగు రాస్తే నువ్వు చదవవని నాకు తెలుసు, అదే కాగితం మీద రాస్తే బాపు కష్టపడి రాశాడని సిగ్గుకైనా చదువుతావు. నువ్వు మరిచిపోయి పోయిన సకినాల డబ్బాలోనే ఈ ఉత్తరం పెట్టి కార్గోలో వేస్తున్నా. సగం విరిగి ఉంటాయి, అమ్మను ఏమీ అనకు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తమ్ముడు టీవీలో ఖబీబ్, కానర్ మెక్‌గ్రెగర్ల పాత యూఎఫ్‌సీ ఫైట్ పెట్టాడు కదా, కంచె కట్టిన కేజ్‌లో గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిపి ఆడే పోటీ, 2018 అక్టోబర్‌లో లాస్ వేగస్‌లో జరిగింది. మొదటి రౌండ్‌లో ఖబీబ్ కాలు దొరకబట్టి కింద పడేశాక నువ్వు "ఏంది బాపు, కంచెకు ఆనిచ్చి పట్టుకొని కూసున్నడు, కొడ్తలేడు, ఏం చేస్తలేడు" అని ఫోన్ తీశావు. రెండో రౌండ్‌లో కుడిచేతి గుద్దుకు కానర్ కూలితే తమ్ముడు అరిచాడు, అప్పుడు తలెత్తావు. పండుగ పూట పాఠాలెందుకని నేనేమీ అనలేదు. కానీ ఇరవై ఏండ్ల నుంచి బడి పిల్లలకు కబడ్డీ నేర్పేవాడిని, నా బిడ్డే అట్లా అంటే ఎన్ని రోజులని ఊరుకుంటా?

నువ్వు చూడని ఆ నాలుగు నిమిషాల్లో ఏం జరిగిందో చెప్తా. అమ్మమ్మ వాళ్ళ ఊర్లో బర్రె లేవడం చూశావు కదా, ముందు వెనక కాళ్ళు లేపుతుంది, తర్వాతే ముందరి కాళ్ళు. ఆ వెనక కాళ్ళకు బంధం వేస్తే దానికి ఎంత బలమున్నా పనికిరాదు. మనిషి లేవాలన్నా అంతే, ఒక చెయ్యి నేలకు ఆనించాలి, ఒక కాలు తన కిందికి మడుచుకోవాలి, ఈ రెంటిలో ఒకటి లేకుండా చేస్తే ఇక కూర్చోవలసిందే. ఖబీబ్ ఆ రౌండ్‌లో చేసింది అదే, కానర్ రెండు కాళ్ళనూ తన కాళ్ళ మధ్య ఇరికించి దగ్గరికి బిగించాడు. వేరే ఫైట్లలో అయితే ఎదుటివాడి మణికట్టును వీపు వెనకగా దొరకబట్టి అది వదలకుండా రెండో చేత్తో కొడతాడు, అభిమానులు దానికి ఖబీబ్ సొంత ప్రాంతం పేరు మీద దాగెస్తాన్ బేడీలని పేరు పెట్టారు.

ఇంకొకటి, తల. నిలబడి కంచెకు అదిమినప్పుడు ఖబీబ్ తల ఎక్కడుంటుందో చూడు. ఎదుటివాడి గడ్డం కింద నుదురు పెట్టి పైకి నెడతాడు. గడ్డం లేస్తే నడుము నిటారుగా అయిపోతుంది, నడుము నిటారుగా ఉన్నవాడు కిందికి వంగలేడు, వంగలేనివాడు తన కాళ్ళను కాపాడుకోలేడు. చేతులు ఖాళీగా ఉండగానే ఒక్క తలతో మనిషిని ఆపుతున్నాడన్నమాట. నమ్మకం లేకపోతే ఈసారి వచ్చినప్పుడు తమ్ముడిని గోడకు నిలబెట్టి చూద్దాం, వాడికి కోపం వస్తే రానీ.

అట్లా ఒక మనిషి బరువు మోస్తూ ఐదు నిమిషాలు పెనుగులాడితే చేతులు సీసం పోసినట్లు అవుతాయి. కానర్ బలమంతా ఎడమ చేతి గుద్దులో ఉంది, 2015లో జోసె ఆల్డోను 13 సెకన్లలో పడగొట్టిన చెయ్యి అది. మొదటి రౌండ్ అయ్యేసరికి ఆ చేతిలో పదును తగ్గింది. పైగా ఖబీబ్ భుజం కొంచెం కదిలినా 'మళ్ళీ కాళ్ళ కోసమే' అన్న భయం పట్టుకుంది. కళ్ళు కిందికి పోయినప్పుడు పైనుంచి కుడి చెయ్యి వచ్చింది. ఇది నా లెక్క, కానర్‌ను అడిగితే ఏమంటాడో మరి. ఏదేమైనా మన తమ్ముడు అరిచిన గుద్దు రెండో రౌండ్‌లో పడ్డా, నా దృష్టిలో అది నువ్వు ఫోన్ చూస్తున్నప్పుడు మొదలైన గుద్దు. నాలుగో రౌండ్‌లో ఖబీబ్ మెడ పట్టి ముగించాడు. ఆ తర్వాత కంచె దూకి చేసిన గొడవే లోకమంతా గుర్తుపెట్టుకుంది, అది నాకు నచ్చలేదు.

నా సంగతి ఒకటి చెప్తా, నీకు ఎప్పుడూ చెప్పలేదు. నీ వయసులో పరకాల దగ్గర ఒక ఊర్లో మ్యాచ్, నేను ఎడమ కార్నర్. అవతలి టీంలో ఒక సన్నటోడు, చూస్తే గాలికి పడేటట్లున్నాడు. కూత పెట్టి వచ్చి నా మొహం మీదికి కుడి చెయ్యి విసిరేవాడు, తగిలేది కాదు, ఉత్తగ వెళ్ళిపోయేవాడు. అట్లా మూడుసార్లు. మా వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. నాలుగోసారీ అదే చెయ్యి వచ్చింది, తల వెనక్కి తీశా, బరువంతా మడమల మీదికి పోయింది, ముందు కాలు అక్కడే మిగిలింది. వాడు చెయ్యి చూపించి కాలి వేలితో నా కాలును తాకి గీత దాటాడు. మ్యాచ్ పోయింది. జీపులో హన్మకొండ దాకా నాతో ఎవ్వరూ మాట్లాడలేదు. ఆ మూడు కూతలూ దండగ కాదని, నన్ను అలవాటు చేయడానికే పెట్టాడని అర్థం కావడానికి నాకు ఒక రాత్రి పట్టింది.

2022 ఆగస్టులో లియోన్ ఎడ్వర్డ్స్, కమారు ఉస్మాన్ ఫైట్ చూస్తుంటే కుర్చీలోంచి లేచింది అందుకే. ఉస్మాన్ అప్పటిదాకా యూఎఫ్‌సీలో ఓటమి ఎరుగడు. నాలుగు రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ అతనే ముందున్నాడు. ఐదో రౌండ్‌లో ఇంకా నిమిషం కూడా లేదు, అందరూ అయిపోయిందనే అనుకున్నారు. ఎడ్వర్డ్స్ అంతకుముందు చాలాసార్లు విసిరిన ఎడమ చేతినే మళ్ళీ చూపించాడు, ఉస్మాన్ దాన్ని ఆపడానికి చెయ్యి ఎత్తి తల పక్కకు తప్పించాడు. తల పోయిన వైపే ఎడమ కాలు లేచి వస్తున్నది. చెయ్యి చూపించి కాలితో! నన్ను ఔట్ చేసిన సన్నటోడు గుర్తొచ్చి గట్టిగా అరిచా, మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అదృష్టం అన్నారు చాలామంది. మొదటి రౌండ్ తప్ప మిగతా అంతా ఓడిపోతూ కూడా ఆ ఒక్క అబద్ధాన్ని దాచుకున్నవాడిది అదృష్టం ఎట్లా అవుతుంది?

అట్లాగని కింద పట్టుకొని పడుకున్న ప్రతివాడూ గొప్పోడని నేననను. కొందరు నిజంగానే టైం పాస్ చేస్తారు, చూస్తుంటే నాకూ నిద్రొస్తుంది. తేడా తెలుసుకోవాలంటే కిందున్నవాడిని చూడు. వాడు ప్రతి పది సెకన్లకూ ఏదో ఒకటి విడిపించుకోవాల్సి వస్తుంటే పైనున్నవాడు పని చేస్తున్నాడని లెక్క. కిందున్నవాడు హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే ఇద్దరూ బెల్ కోసం చూస్తున్నారు.

నిలబడి కొట్టుకునే దాంట్లో అయితే కాళ్ళు చూడు. అమ్మమ్మ అరుగు మీద బొగ్గుతో గీసి పులి-మేక ఆడించేది గుర్తుందా? మూడు పులులు, పదిహేను మేకలు, నువ్వు ఎప్పుడూ పులే కావాలని ఏడ్చేదానివి. మేక పులిని కొట్టదు, అది పోయే దారిలో పోయి కూర్చుంటుంది, అంతే. కేజ్‌లో వెంటపడి ఉరికేవాడు తెలివితక్కువోడు. తెలిసినవాడు ఎదుటివాడు ఎటు తప్పించుకుంటాడో అటు ఒక్క అడుగు పక్కకు వేస్తాడు, అవతలివాడి వీపుకు కంచె తగిలేదాకా గుద్దు విసిరే పని కూడా ఉండదు. జార్జ్ సెయింట్ పియర్ 2010లో మాంట్రియల్‌లో జాష్ కాస్‌చెక్‌ను ఐదు రౌండ్లూ ఎక్కువగా ఎడమ చేతి జాబ్‌తోనే ఆడించాడు, పెద్దగా ఊపు కూడా ఉండని గుద్దు, దాంతోనే అతని కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది. దాని గురించి ఇంకా రాయాలని ఉంది కానీ కాగితం అయిపోవస్తున్నది.

ఆదివారం ఖాళీ దొరికితే ఆ ఖబీబ్ ఫైట్ మొదటి రౌండ్ ఒక్కటి మళ్ళీ చూడు, సౌండ్ తీసేసి. కామెంటరీ ఉంటే వాళ్ళు అరిచినప్పుడే మనం చూస్తాం. మొహాలు చూడకు, కానర్ నడుము చూడు, ఎన్నిసార్లు లేవబోయాడో, ప్రతిసారీ ఏది అడ్డం వచ్చిందో లెక్కపెట్టు. నాకు పన్నెండు వచ్చాయి, తమ్ముడు తొమ్మిదే అంటున్నాడు, వాడు మధ్యలో చాయ్ కోసం లేచాడు కాబట్టి నేను ఒప్పుకోను.

నీకెన్ని వచ్చాయో ఫోన్ చెయ్. రాత్రి ఎనిమిది దాటితే అమ్మ సీరియల్ పెడుతుంది, టీవీ నాకు దొరకదు, నేను బయట అరుగు మీదే ఉంటా.

బాపు